గిలకల విల్లు



సంక్రాంతి వెళ్లి కనుమ వచ్చిందంటే చాలు, మా ఆళ్లగడ్డ వైపు పల్లెల్లో పారువేట కబుర్లు మొదలవుతాయి. అహోబిలం నరసింహస్వామి పల్లకీ ఎక్కి ఊరూరా తిరుగుతాడు. చెంచులక్ష్మితో తన పెళ్లికి జనాన్ని తానే స్వయంగా పిలుచుకోవడానికి వస్తాడని మా అవ్వ చెప్పేది. నలభై రోజులు పైబడి, ముప్పైకి మించిన ఊళ్లు తిరిగి స్వామి మళ్లీ అహోబిలం చేరతాడు. చిన్నప్పుడు ఒకసారి, పారువేట బయలుదేరే నాడు మా అవ్వ నన్ను అహోబిలం తీసుకుపోయింది. అందరూ పల్లకీ వంక చూస్తుంటే నేను మాత్రం చెంచుల చేతుల్లోని విల్లంబుల వంక చూస్తూ నిలబడ్డాను.

"ఆడపిల్లలు విల్లు పట్టుకోకూడదా అవ్వా?" అని అడిగాను.

"చెంచులక్ష్మి పట్టలేదూ! నీకేంటికిలే, పద పద" అంది.

చూశారా, జవాబు రెండు విధాలుగానూ చెప్పేసింది! దేవతకైతే తగును, మనకైతే ఎందుకు? ఆ మాట ఇన్నేళ్ల తరువాత నాకు మళ్లీ జ్ఞాపకం రావడానికి ఒక కారణం వున్నది.

నేను మెట్టినది నంద్యాల. మా ఇంటికి రెండిళ్ల అవతల ఒక ఇల్లాలు వుంటుంది. వాళ్లాయన ధాన్యం కొట్లో గుమాస్తా. ఎనిమిదో తరగతి చదివే కూతురు. ఆ పిల్ల ఏడాదిగా వెదురు విల్లుతో బాణాలు వేయడం నేర్చుకుంటున్నది. మన దేశంలో పిల్లలకు ముందు ఈ వెదురు విల్లే ఇస్తారు. చెయ్యి నిలబడిందని తోచాక ఖరీదైన విల్లుకు మారుస్తారు. అలాంటి విళ్లు రెండు రకాలు. నేర్పే మాస్టారు, "అమ్మా, మీ పాపకు కాంపౌండ్ విల్లు బాగా పట్టుబడుతుంది" అన్నారట. అంతలో బంధువు ఒకాయన వచ్చి, "ఆ విల్లు ఒలింపిక్స్‌లోనే లేదు, దాన్ని పట్టుకొని ఏం చేస్తారు?" అని చప్పరించి పోయాడట.

ఒక సాయంత్రం ఆ తల్లి మా ఇంటికి వచ్చి కూర్చుంది. "అక్కా, పాపకు గాజులు చేయిద్దామని చీటీ కడతాండా. వచ్చే నెల నాదే పాట. ఆ దుడ్లు విల్లుకు పెట్టమంటారా, గాజులకే పెట్టమంటారా? ఒలింపిక్స్‌లో లేని ఆట ఆడి ఏం లాభమక్కా?" అని అడిగింది.

నేను పదో తరగతి దాకా చదివినదాన్ని. వెంటనే ఏం చెప్పగలను? "నాలుగు రోజులు ఆగమ్మా, తెలుసుకొని చెబుతాను" అన్నాను. అలా తెలుసుకొన్న సంగతులనే ఈ వేళ మీ ముందు పెడుతున్నాను. మన రాష్ట్రంలోనే, విజయవాడలోనే, ఈ ప్రశ్నకు జవాబు లాంటి అమ్మాయి ఒకామె వున్నది. ఆమె పేరు వెన్నం జ్యోతి సురేఖ.

సురేఖ 1996 జూలై 3న పుట్టింది. తండ్రి సురేంద్రకుమార్ పశువైద్యుడు, ఒకప్పుడు కబడ్డీ ఆడినవాడు. తల్లి శ్రీదుర్గ మనలాగే గృహిణి. పిల్లకు అయిదేళ్లయినా నిండకముందే కృష్ణానదిలో అయిదు కిలోమీటర్లు ఈదించారు. మూడు గంటల ఇరవై నిమిషాల పైచిలుకు పట్టింది, లిమ్కా రికార్డుల పుస్తకంలోకి ఎక్కింది. అంత బాగా ఈదే పిల్ల ఈతలోనే వుండిపోతుందని ఎవరైనా అనుకుంటారు. ఆ అమ్మాయి మాత్రం పదకొండేళ్ల ప్రాయంలో విల్లు పట్టింది. ఆమె పేరు తెచ్చుకొన్నది కాంపౌండ్ విల్లుతో.

ఇంతకీ ఈ రెండు విళ్లకూ తేడా ఏమిటి? ఇది తెలియకపోతే తక్కిన కథ బోధపడదు.

మొదటిది రికర్వ్ విల్లు. కొసలు ముందుకు వంగి, మన బొమ్మల్లో రాముడి విల్లు లాగానే వుంటుంది. నారిని వేళ్లతో లాగి పట్టుకోవాలి. ఎంత లాగితే అంత బరువు చేతి మీద పడుతుంది. దీనితో 70 మీటర్ల దూరం నుంచి కొడతారు. విలువిద్య 1972లో ఒలింపిక్స్‌లోకి తిరిగి వచ్చినప్పటి నుంచీ అక్కడ వున్నది ఈ విల్లు ఒక్కటే.

రెండవది కాంపౌండ్ విల్లు. దీన్ని 1960లలో అమెరికాలో హోలెస్ విల్బర్ ఆలెన్ అనే ఆయన తయారుచేశాడు. దీని రెండు కొసలా రెండు గిలకలు వుంటాయి. బావి మీద గిలక వుంటే నీళ్ల బిందె ఎలా తేలికగా పైకి వస్తుందో మనకు తెలుసు కదా? ఇదీ ఆ కుటుంబానికి చెందినదే. అయితే ఈ గిలకలు గుండ్రంగా కాక వంకరగా వుంటాయి. నారి లాగడం మొదలుపెట్టినప్పుడు పూర్తి బరువు చేతి మీద పడుతుంది. నిబంధనల ప్రకారం ఆ బరువు 60 పౌండ్లకు, అంటే సుమారు 27 కిలోలకు మించకూడదు. మనం కొట్లో తెచ్చుకొనే బియ్యం మూట అంత అనుకోండి. నారి పూర్తిగా వెనక్కి వచ్చేసరికి గిలకలు తిరిగిపోయి, చేతి మీద దాదాపు నాలుగో వంతు బరువే మిగులుతుంది. ఆ కాస్త తెరిపిలో నిలబడి గురి చూస్తారు. విల్లుకు ఒక చిన్న భూతద్దం కూడా వుంటుంది. నారిని వేళ్లతో కాక, పిడికిట్లో ఇమిడే చిన్న కొక్కెం లాంటి సాధనంతో పట్టి వదులుతారు.

"అయితే పనంతా యంత్రమే చేస్తుందన్నమాట, మనిషి గొప్పేముంది?" అంటారేమో. నేనూ అలాగే అనుకున్నాను. గ్రైండర్ వచ్చాక రుబ్బడం తేలికైన మాట నిజమే. కానీ మరి అందరిళ్ల ఇడ్లీలూ ఒక్కలాగే వుంటున్నాయా? సాధనం ఎంత మెరుగైతే, చేతిలోని చిన్న తప్పు కూడా అంత పెద్దగా కనబడుతుంది. కాంపౌండ్ విలువిద్యలో జరిగేది సరిగ్గా అదే.

ఈ పోటీ 50 మీటర్ల దూరం నుంచి. అంటే 164 అడుగులు. మా వీధిలో ఒక కొస నుంచి చూస్తే పది వాకిళ్లు దాటిన తరువాత అన్నమాట. అక్కడ నిలబెట్టిన గురిలో నడిమి పది మార్కుల వలయం అడ్డకొలత 8 సెంటీమీటర్లు మాత్రమే. పండక్కి మనం చేసుకొనే నిప్పట్టు అంత! ఒక్కో ఆటగత్తె 15 బాణాలు వేయాలి. మొత్తం 150 మార్కులు. ఒకరి తరువాత ఒకరు, బాణానికి 20 సెకన్ల గడువు. ఎదుటి మనిషి బాణం ఎక్కడ తగిలిందో కనబడుతూనే వుంటుంది. ఇక్కడ పెద్ద పోటీల్లో గెలుపు ఓటములు ఒకటి రెండు మార్కుల్లోనే తేలిపోతాయి. పదిహేను బాణాల్లో ఒక్కటి నిప్పట్టు అంచు దాటితే పతకం రంగు మారిపోతుంది. పోపులో ఆవాలు మాడడానికి పట్టే పాటి సమయం కూడా పట్టదు.

ముగ్గురేసి ఆడే జట్టు పోటీలో 24 బాణాలు, 240 మార్కులు. ఒక స్త్రీ, ఒక పురుషుడు కలిసి ఆడే మిశ్రమ జట్టు పోటీలో 16 బాణాలు, 160 మార్కులు. ఈ మూడు లెక్కలూ గుర్తుంచుకోండి, ముందు ముందు పనికివస్తాయి.

కాంపౌండ్ విల్లుకు ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 1995లోనే చోటిచ్చారు. ఆసియా క్రీడల్లోకి 2014లో, దక్షిణ కొరియాలోని ఇంచియాన్‌లో అడుగుపెట్టింది. ఆ మొదటిసారే మన ఆడపిల్లల జట్టు కాంస్యం తెచ్చింది. ఆ ముగ్గురిలో పద్దెనిమిదేళ్ల సురేఖ ఒకతె. 2017లో మెక్సికో నగరంలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో జట్టుకు రజతం వచ్చింది. ఆ ఏడే ఆమెకు అర్జున అవార్డు లభించింది. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో జట్టుకు మళ్లీ రజతం. ఫైనల్లో కొరియా 231, మనవాళ్లు 228. 2019లో నెదర్లాండ్స్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో విడిగా ఒక కాంస్యం, జట్టుతో ఒక కాంస్యం.

ఈ జాబితా చూస్తూ పోతే ఒక సంగతి తెలుస్తుంది. కాంస్యం, రజతం, రజతం, కాంస్యం. బంగారం లేదు. అయిదేళ్లు అలాగే గడిచాయి. ఆ ఏళ్లలోనే ఇంజనీరింగు చదువు కూడా సాగించింది.

ఇక 2021. అమెరికాలో యాంక్టన్ అనే చిన్న ఊళ్లో ప్రపంచ చాంపియన్‌షిప్. సురేఖ మూడు ఫైనళ్లకు చేరింది: విడిగా ఒకటి, స్త్రీల జట్టులో ఒకటి, మిశ్రమ జట్టులో ఒకటి. మూడింటా ఎదుట నిలిచింది కొలంబియా దేశం. మూడింటా ఆ దేశం తరఫున విల్లు పట్టినది సారా లోపెజ్ అనే గొప్ప విలుకత్తె. మూడింటా మన అమ్మాయి ఓడింది. విడిగా జరిగిన ఫైనల్లో 146కి 144. రెండే రెండు మార్కులు!

మూడు రజతాలు తెచ్చిన పిల్లను మనం ఏమని పలకరిస్తాం? "అయ్యో, మూడూ పోయాయా!" అంటాం. నలుగురికీ పాయసం వండి, చివర్లో కాస్త అడుగంటితే, తిన్నవాళ్లు మిగతాదంతా మరిచి అడుగంటిన సంగతే చెప్పుకుంటారు చూడండి, అలాగ. ప్రపంచంలో ఆ విల్లు పట్టిన వాళ్లందరిలోనూ రెండో స్థానం అని ఎవ్వరికీ తోచదు.

అక్కడితో విసుగు చెంది విల్లు మూలన పెడితే ఈ కథ నేను చెప్పేదాన్నే కాదు. రెండేళ్లు తిరిగేసరికి 2023 వచ్చింది. ఏప్రిల్‌లో టర్కీలోని అంటాల్యాలో ప్రపంచకప్ పోటీ. ఫైనల్లో మళ్లీ ఎదురైంది ఆ సారా లోపెజే. ఈసారి సురేఖ 149, సారా 146. పదిహేను బాణాల్లో పద్నాలుగు నిప్పట్టు నడిమికే తగిలాయి.

అదే ఏడు ఆగస్టు 4న జర్మనీలోని బెర్లిన్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్. సురేఖ, మహారాష్ట్రకు చెందిన అదితి స్వామి, పంజాబుకు చెందిన పర్ణీత్ కౌర్ ముగ్గురూ కలిసి ఫైనల్లో మెక్సికోను 235-229తో ఓడించారు. ప్రపంచ చాంపియన్‌షిప్ విలువిద్యలో మన దేశానికి బంగారం రావడం అదే మొట్టమొదటిసారి. ఆ మరునాడు విడివిడి పోటీలు. సెమీఫైనల్లో సురేఖకు ఎదురైంది తన జట్టులోని అదితే. పదిహేడేళ్ల పిల్ల. 149-145తో సురేఖను ఓడించి, ఆపైన ప్రపంచ విజేత కూడా అయింది.

ఒక్క క్షణం ఆలోచించండి. పదేళ్లకు పైగా సాధన చేసిన మనిషి, చెల్లెలి వయసు పిల్ల చేతిలో ఓడిపోయి, అదే రోజు కాంస్యం కోసం మళ్లీ నిలబడాలి. మనసు ఎలా వుంటుంది? ఆ ఆటలో సురేఖ వేసిన 15 బాణాలూ పదిలోనే పడ్డాయి. 150కి 150. కాంస్యం ఆమెదే. ఆమె ఆట మొత్తంలో నాకు బంగారాల కన్నా ఎక్కువ నచ్చినది ఈ కాంస్యమే.

రెండు నెలలకు, అక్టోబరులో, చైనాలోని హాంగ్‌ఝౌలో ఆసియా క్రీడలు. 2022లో జరగవలసినవి కోవిడ్ వల్ల ఏడాది వెనక్కి పోయాయి. మొదట ఓజస్ దేవ్‌తలేతో కలిసి మిశ్రమ జట్టు పోటీ: మనవాళ్లు 159, కొరియా 158. నేను గుర్తుంచుకోమన్న లెక్క ఇప్పుడు చూడండి. 160కి 159 అంటే పదహారు బాణాల్లో ఒక్కటే పక్కకు జరిగింది. రెండోది స్త్రీల జట్టు పోటీ: మనవాళ్లు 230, చైనీస్ తైపే 229. మళ్లీ ఒక్క మార్కే! మూడోది విడిగా. సెమీఫైనల్లో మళ్లీ అదితి ఎదురైతే 149-146తో నెగ్గింది. ఫైనల్లో కొరియాకు చెందిన సో ఛేవాన్‌ను 149-145తో ఓడించింది. మూడు పోటీలు, మూడు బంగారాలు. యాంక్టన్‌లో మూడు ఫైనళ్లూ పోగొట్టుకొన్న ఆ చేతులే ఇవి.

ఆ తరువాత 2024 ఏప్రిల్‌లో షాంఘై ప్రపంచకప్‌లో మళ్లీ మూడు బంగారాలు. 2025 అక్టోబరులో నాంజింగ్‌లో జరిగిన ప్రపంచకప్ ఫైనల్స్ అనే పోటీలో, ఏడాదంతా బాగా ఆడిన కొద్దిమందికే అక్కడ ప్రవేశం, 150కి 150 కొట్టి కాంస్యం తెచ్చింది. ఆ పోటీలో కాంపౌండ్ విల్లుతో పతకం పొందిన తొలి భారత స్త్రీ ఆమె.

ఇన్ని చెప్పిన తరువాత మీలో ఎందరికి ఈ అమ్మాయి పేరు ముందే తెలుసో మీ మనసులో మీరే లెక్క వేసుకోండి. సింధు పేరు ఇంటింటా తెలుసు. కరణం మల్లీశ్వరి పేరు 2000లో సిడ్నీ ఒలింపిక్స్ కాంస్యంతో పల్లె పల్లెకూ పాకింది. వాళ్ల గొప్ప వాళ్లది, ఎవరూ కాదనరు. సురేఖ పేరు అంతగా తెలియకపోవడానికి కారణం మాత్రం ఆమె చేతిలో లేదు. ఆమె విల్లుకు ఒలింపిక్స్‌లో తలుపు తెరవలేదు, అంతే. 2016లో రియోకు కానీ, 2021లో జరిగిన టోక్యోకు కానీ, 2024లో పారిస్‌కు కానీ, ఆ విల్లుతో ఎంత బాగా ఆడినా వెళ్లే వీలే లేదు.

ఇది మన దగ్గరే జరిగిన వింత కాదు సుమండీ. దూరాన స్వీడన్ అనే దేశం వున్నది. అక్కడ చలికాలంలో బయాథ్లాన్ అనే ఆట చూడటానికి జనం టీవీల ముందు కూర్చుంటారు. కాళ్లకు స్కీలనే పొడుగాటి పట్టీలు తొడుక్కొని, వీపున తుపాకి తగిలించుకొని, మంచు మీద కిలోమీటర్ల కొద్దీ జారుతూ పరుగుపెట్టాలి. మధ్యలో ఆగి గురి చూసి అయిదు గుండ్లు కాల్చాలి. దూరం ఇక్కడా 50 మీటర్లే. పడుకొని కాల్చేటప్పుడు గురి నాలుగున్నర సెంటీమీటర్లు, నిమ్మకాయంత. నిలబడి కాల్చేటప్పుడు పదకొండున్నర సెంటీమీటర్లు, పూరీ అంత. గుండె దడదడలాడుతుండగా, రొప్పుతూ, చెయ్యి కదలకుండా కాల్చాలి. తప్పిపోయిన ప్రతి గుండుకూ అదనంగా 150 మీటర్ల చుట్టు తిరగాలి, కొన్ని పోటీల్లోనైతే లెక్కలో ఒక నిమిషం కలిపేస్తారు. మేడ మెట్లు ఆరుసార్లు ఎక్కి దిగి, ఆ వెంటనే సూదిలో దారం ఎక్కించి చూడండి, వాళ్ల కష్టం తెలుస్తుంది.

ఆ ఆటలో మగవాళ్లకు 1960 నుంచే ఒలింపిక్స్‌లో చోటు వుంటే, ఆడవాళ్లకు 1992లో కానీ రాలేదు. స్వీడన్‌లో మగ్దలేనా ఫోర్స్‌బెర్గ్ అనే ఆమె మొదట ఉత్త స్కీయింగ్ పరుగు మాత్రమే చేసేది. 1994లో తుపాకి పట్టి ఈ ఆటకు మారింది. 1997 నుంచి 2002 దాకా వరుసగా ఆరేళ్లు, ఏడాది మొత్తం మీద ప్రపంచకప్ విజేత ఆమే. ప్రపంచ చాంపియన్‌షిప్‌లలో ఆరు బంగారాలు. కానీ 1998లో నగానో ఒలింపిక్స్‌లో పతకమే లేదు. 2002లో సాల్ట్‌లేక్ సిటీలో రెండు కాంస్యాలు. ఆ ఏడే ఆట మానేసింది. ఒలింపిక్ బంగారం ఆమెకు రానేలేదు.

మరి ఆ దేశంవాళ్లు ఆమెను మరిచిపోయారా? లేదు. ఆమె దారిన తరువాతివాళ్లు వచ్చారు. 2006లో అన్నా కారిన్ ఊలోఫ్సన్ ఒలింపిక్ బంగారం తెచ్చింది. 2018లో హన్నా ఓబెర్గ్ ఇరవై గుండ్లకు ఇరవై కొట్టి మరొకటి తెచ్చింది. 2022లో నలుగురు ఆడపిల్లలు కలిసి రిలే పందెంలో గెలిచారు. ఒకామె చేతికి అందని పండు ఆమె వెనక వచ్చిన పిల్లలకు అందింది. బెర్లిన్‌లో సురేఖ పక్కన నిలబడి, సురేఖనే ఓడించిన పదిహేడేళ్ల అదితిని తలచుకొంటే నాకు ఇదే తోస్తుంది.

ఇక మా పొరుగింటి ఇల్లాలి ప్రశ్నకు వద్దాం. ఆ బంధువు చెప్పిన మాట పాతబడిపోయింది. 2025 ఏప్రిల్‌లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం ఒక నిర్ణయం ప్రకటించింది. 2028 లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ విల్లుకు కూడా చోటిచ్చారు. అయితే పూర్తిగా కాదు, మిశ్రమ జట్టు పోటీ ఒక్కటే. ఒక దేశం నుంచి ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. తలుపు జానెడే తెరిచారన్నమాట. అప్పటికి సురేఖకు ముప్పైరెండేళ్లు నిండుతాయి. ఇంత పెద్ద దేశంలో ఆ ఒక్క అమ్మాయి స్థానానికి ఎందరో పోటీ. ఆమె తన చేత్తో పెంచి పెద్దచేసిన ఆటలో ఆమెకే చోటు దొరుకుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇదంతా ఆ ఇల్లాలికి చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే కొనమంటారా, వద్దంటారా?" అంది. ఆడవాళ్లం కదా, కథ ఎంత బాగున్నా చివరికి ఖర్చు లెక్క దగ్గరికే వస్తాం. అందులో తప్పేమీ లేదు.

నాకు తోచిన మూడు మాటలు చెప్పాను. మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్లలుంటే పనికివస్తాయేమో చూడండి.

మొదటి మాట. పెద్ద పోటీల్లో వాడే కాంపౌండ్ విల్లు, సరంజామాతో కలిపి లక్షల్లో మాట. ఎనిమిదో తరగతి పిల్లకు అది ఇప్పుడే అక్కర్లేదు. పెరిగే పిల్లకు చేతి పొడుగు, భుజం బలం ఏటేటా మారుతుంటాయి. నేర్పేచోట వున్న విల్లుతోనే ఒక ఏడాది చేయించండి. చీటీ డబ్బు బ్యాంకులో వేసి వుంచండి. గాజులా, విల్లా అనేది ఆ ఏడాది గడిచాక తేల్చుకోవచ్చు.

రెండో మాట. ఒలింపిక్స్ ఒక్కటే గుమ్మం కాదు. ఆసియా క్రీడలు, ప్రపంచ చాంపియన్‌షిప్, జాతీయ పోటీలు అన్నీ లెక్కలోకి వచ్చేవే. సురేఖకు అర్జున అవార్డు వచ్చింది వాటివల్లనే కదా? చదువు మాత్రం ఆపవద్దు. సురేఖ కూడా ఇంజనీరింగు పూర్తిచేసి, ఎం.బి.ఎ. చదివింది.

మూడో మాట. పిల్ల ఇంటికి రాగానే "గెలిచావా?" అని అడగవద్దు, "ఎన్ని వచ్చాయి?" అని అడగండి. గెలుపు ఎదుటివాళ్ల ఆటను బట్టి కూడా వుంటుంది. మార్కులు మాత్రం పిల్లవి. నిన్న 112, ఈ వేళ 115 అయితే, పోటీలో చివరగా నిలిచినా సరే, ఆ పిల్ల ముందుకు పోయినట్టే.

ఈ మూడో మాట చెప్పేటప్పుడు నా గొంతు కాస్త మారింది కాబోలు, ఆమె నా ముఖంలోకి చూసింది. నేను ఆళ్లగడ్డలో చదువుకొనే రోజుల్లో టెన్నికాయిట్ బాగా ఆడేదాన్ని. జిల్లా పోటీలకు కర్నూలు రమ్మన్నారు. "దానివల్ల ఏమొస్తుంది?" అన్నారు మా ఇంట్లో. దుర్మార్గులు కారు, ఎంతో ప్రేమగా పెంచినవాళ్లే. ఏమొస్తుందో వాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు. జవాబు లేని ప్రశ్న కాబట్టి నేను ఇంట్లోనే వుండిపోయాను. వెళ్లివుంటే ఏదో అయిపోయేదాన్నని కాదు. బహుశా మొదటి ఆటలోనే ఓడి వచ్చేదాన్ని. కానీ ఎన్ని పాయింట్లు వచ్చేవో తెలిసేది. అది ఇప్పటికీ తెలియదు నాకు.

మొన్న వాళ్లింటికి పేరంటానికి వెళ్లాను. వంటింటి గోడకు క్యాలెండర్ వేలాడుతున్నది. తేదీల గళ్లలో పాల లెక్క, ఒకటిన్నర, ఒకటి, రెండు, అని రాసివుంది. దాని కిందనే ఎర్ర సిరాతో వేరే అంకెలు. 109, 114, 111, 118. నేను వాటి వంక చూడటం గమనించి ఆ తల్లి నవ్వింది. "పాలవాడు లెక్క తప్పినా పట్టించుకోను గానీ అక్కా, ఈ లెక్క ఒక్కరోజు రాయకపోతే పాప ఊరుకోదు" అంది.

చీటీ పాట సంగతి నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.